ఆగ్రహపీడితులకొక గది
(బిష్టుపూరు ఆంధ్ర భక్త శ్రీరామ మందిర కార్యవర్గమునకు బహిరంగ లేఖ)

ఆర్యులారా,

పెండ్లియైనను, శ్రీరామనవమి కళ్యాణమైనను, పదిమంది కూడి యోచింపవలసిన ఏ కార్యమైనను జంషెడ్‌పూరు తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది బిష్టుపూరులోని మీ మందిరమే గనుకను, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారమును నమ్ముకొని వచ్చినవారి మనుమలును మునిమనుమలును ఇంటి గుట్టు చెప్పుకొనవలసి వచ్చినప్పుడు నేడును పెద్దల గుమ్మమే త్రొక్కుదురు గాని ఆస్పత్రి గుమ్మము త్రొక్కరు గనుకను, మంత్రులకో జిల్లా అధికారులకో వ్రాయదగిన ఈ లేఖను మీకు వ్రాయుచున్నాను. విషయము కోపము.

లోకములోని కోపమంతయు వ్యాధియని చెప్పుట నా యుద్దేశము కాదు. అన్యాయము చూచి కోపింపనివాడు నా దృష్టిలో ఆరోగ్యవంతుడే కాడు. 1920లోను 1928లోను ఈ ఊరి కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారికి వచ్చిన కోపము ఏ వైద్యుడును కుదుర్పవలసినది కాదు. నేను చెప్పబోవునది వేరొక కోపము. షిఫ్టులో ఫోర్‌మన్ ఎన్ని మాటలన్నను తల వంచుకొని వినినవాడు, బజారులో చిల్లర తక్కువ ఇచ్చిన దుకాణదారునితో నవ్వుచు మాటలాడినవాడు, ఇల్లు చేరిన గంటలోపల, పులుసులో ఉప్పు తగ్గినదనియో, పిల్లవాడు పిలిచిన వెంటనే పలుకలేదనియో, టీవీ చప్పుడెక్కువైనదనియో, ఎదుటివారికి కారణమే బోధపడని వేగముతో లేచి, కంచము గోడకు విసరి, సెల్‌ఫోను నేలకు కొట్టి, ఒక్కొక్కనాడు చేయియు చేసికొని, పావుగంటలో ఆ యుద్రేకము దిగగానే తానే తల పట్టుకొని కూర్చుండి, మరునాడు మిఠాయి పొట్లముతో వచ్చి, మూడు వారములు గడువకమునుపే మరల అదే చేయును. ఇది పురుషులకే పరిమితమైనదని యనుకొనరాదు. అయితే పురుషుడు విసరిన కంచము ఎక్కువ దూరము వినబడును.

ఇట్టి యింటికి చుట్టములు పోయినప్పుడు వినబడు మాటలు మీకు తెలియనివి కావు. “వాడికి కోపమెక్కువ గానీ మనసు వెన్న” అని తల్లి. “వాళ్ల నాన్నదీ ఇదే తీరు” అని మేనత్త. “డ్యూటీ టెన్షన్ అండీ, ఆయన తప్పు కాదు” అని, కంటిక్రింది కమిలిన మచ్చను పమిట చెంగుతో మరుగుపరచుకొనుచు, భార్య. వీరెవ్వరును అబద్ధమాడుట లేదు. కాని ఈ మాటలు చెప్పుకొనుచుండుటతోనే ఇరువదియేండ్లు గడచిపోవును, ఆ యింటి పిల్లవాడు పెండ్లియీడునకు వచ్చును, అతని చేతిలోనుండియు ఒకనాడు కంచము ఎగురును.

దీనికి వైద్యశాస్త్రమున పేరున్నది. అమెరికా మనోవైద్య సంఘము 1980లో ప్రకటించిన రోగవర్గీకరణ గ్రంథములో ఉండి ఉండి విస్ఫోటించు ఈ ఆగ్రహమును ప్రత్యేక రుగ్మతగా పేర్కొనిరి. 2013 నాటి కూర్పులో దాని లక్షణములను మరింత స్పష్టపరచిరి. నోటి దురుసుతనమో, హాని కలిగింపని చేతి దురుసుతనమో సగటున వారమునకు రెండుసార్లు చొప్పున మూడు నెలలు సాగినను, లేదా వస్తువులు ధ్వంసమగునట్లో మనుష్యులకు దెబ్బ తగులునట్లో ఏడాదిలో మూడుసార్లు ప్రజ్వరిల్లినను, ఆ ప్రజ్వలనము పూర్వాలోచితము కాక, దానికి నిమిత్తమైన విషయముతో ఏ మాత్రము పొత్తు లేని తీవ్రత గలదైనచో, దానిని రుగ్మతగా పరిగణింపవచ్చునని వారి నిర్ణయము. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణమునందును దీనికి స్థానమున్నది. తాగుడు వలనను, తలకు తగిలిన దెబ్బ వలనను, ఇతర మనోవ్యాధుల వలనను ఇట్టి లక్షణములే పొడసూపవచ్చును గనుక మొదట వైద్యుడు చూచి తీరవలెను. కొందరికి మందులును కొంత ఉపకరించును. అయినను నేడు నేను మిమ్ము కోరవచ్చినది మందును గూర్చి కాదు, మాటను గూర్చి.

మాటలతో చికిత్స యనగానే మనవారికి తోచునది హితబోధ. సుమతీశతకము కంఠస్థము కాని తెలుగుబిడ్డ ఒకప్పుడు లేడు. కోపము చెడ్డదని తెలియని కోపిష్ఠి నేటికిని లేడు. తెలిసియుండుట చాలియుండినచో ఈ లేఖతో పనియే లేకపోవును. మాటల చికిత్స చేయువాడు బోధ చేయడు, అడుగును. మొదటి వారములలో అతడు కోపము మానుమని కూడ చెప్పడు. ఒక నోటుపుస్తకము పెట్టుకొనుమని చెప్పును. ఏనాడు, ఎన్ని గంటలకు, ఎవరి యెదుట కోపము వచ్చినది. ఆనాటి నిద్ర యెంత, ఆకలి యెంత, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన దినమా కాదా. పెదవి దాటి మాట రాకమునుపే దవడలు బిగిసినవా, చెవులు వేడెక్కినవా, అరచేతులు చెమర్చినవా. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ క్షణమున మనస్సులో మెదలిన వాక్యమేది. “ఏమీ లేదండీ, ఊరికే తిక్కరేగింది” అని మొదటి వారము వ్రాసినవాడే నాలుగవ వారమున, కంచము విసరుటకు ఎంతయో ముందు, వీధి మలుపు తిరుగునప్పుడే తన దవడలు బిగిసియుండెనని వ్రాయును. కారణము లేక వచ్చెనని తాను నమ్మిన కోపమునకు తన శరీరము ముందుగానే జాబు పంపినదని అతనికి అప్పుడు తెలియును.

ఇక ఆ మనస్సులోని వాక్యము విషయము. పులుసుకైనను పిల్లవానికైనను టీవీకైనను తుదకు తేలునది తరచుగా ఒక్కటే: నన్ను లెక్కచేయుట లేదు. పిలిచినప్పుడు పిల్లవాడు పలుకకపోవుటకు చెవిలో ఇయర్‌ఫోను కారణము కావచ్చును, చదువు కారణము కావచ్చును, తండ్రి పిలుపులోని కాఠిన్యమునకు భయపడి గొంతు పెగలకపోవుటయు కారణము కావచ్చును. కాని కోపిష్ఠి చిత్తము ఈ కారణములనన్నిటిని దాటి ఒక్క గంతులో అవమానమను నిర్ణయమునకు వచ్చి నిలుచును. ఆ గంతును నెమ్మదిగా నడకగా మార్చుటయే చికిత్సలో పెద్దభాగము. తక్కినది అభ్యాసము: కండరములను బిగించి సడలించుట, ఊపిరి నిడివిచేయుట, కోపము తెప్పించు సన్నివేశమును గదిలో కన్నులు మూసికొని తలచుకొనుచు శాంతముగా నుండుట నేర్చుకొనుట, “పది నిమిషాలు బయట తిరిగి వస్తాను” అని చెప్పి పోయి, చెప్పినట్లే తిరిగి వచ్చుట. చూచువారికి ఇదంతయు చప్పగా తోచును. మహిమ యేమియు కానరాదు. అయినను మెక్‌క్లాస్కీ, కొకారో మొదలగు పరిశోధకులు 45 మందిపై జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో, పండ్రెండు వారములు ఇట్టి చికిత్స పొందినవారికి, ఒంటరిగా పొందినవారికిని జట్టుగా కూర్చుండి పొందినవారికిని కూడ, చికిత్సకై ఎదురుచూచుచున్నవారితో పోల్చినప్పుడు దౌర్జన్యమును కోపమును గణనీయముగా తగ్గినవి. మూడు నెలల తరువాత పరీక్షించినప్పుడును ఆ మేలు నిలిచియుండెను. చిన్న పరిశోధనయే, ఒప్పుకొనవలసినదే. కాని పండ్రెండు వారములనగా ఉగాదికి ఆరంభించినచో ఆషాఢమునకు ముగియును. మన యిండ్లలో ఈ బాధ నడచునది తరములు.

ఇక్కడ ఈ ఊరివారి కొక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. బాయిలరులో ఆవిరి హెచ్చినప్పుడు వాల్వు తెరచినట్లు, లోపలి కోపమును వెళ్లగ్రక్కివేసినచో మనస్సు తేలికపడునని, అందుచేత అరచుకొననిండని, దిండును గుద్దుకొననిండని, కర్మాగారములలో బ్రతికిన మనకు సహజముగా తోచును. మనస్సు బాయిలరు కాదు. బుష్మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 600 మంది విద్యార్థులతో జరిపి 2002లో ప్రకటించిన ప్రయోగములో, తమకు కోపము తెప్పించినవానిని తలచుకొనుచు గుద్దుడుసంచిని గుద్దినవారికి కోపము తగ్గుటకు మారుగా పెరిగెను. ఏమియు చేయక ఊరక కూర్చున్నవారే వారికంటె శాంతముగా నుండిరి. ఆయనయే క్యేర్‌విక్ అను ఆమెతో కలిసి 154 పరిశోధనలను సమీకరించి 2024లో తేల్చినదియు ఇదియే: శరీరపు ఉద్రేకమును దించు పనులు కోపమును తగ్గించును, వెళ్లగ్రక్కుట తగ్గింపదు. కనుక “ఒకసారి అరిచేస్తే చల్లబడతాడు, అరవనీ” అని కోడలికి నేర్పు అత్తగారు, ఎంత మంచి మనస్సుతో చెప్పినను, తప్పు చెప్పుచున్నది.

మాటతో కోపమును దింపుట మనకు పరదేశపు విద్య కాదు. కర్ణునిచేత నొచ్చి శిబిరము చేరిన ధర్మరాజు, కర్ణుని చంపకయే తన్ను చూడవచ్చిన అర్జునుని నిందించి, గాండీవమును మరియొకనికి ఇచ్చివేయుమనగా, అర్జునుడు అన్నపై కత్తి దూసెను. శ్రీకృష్ణుడు అతని చేయి పట్టుకొనుటకు ముందు ప్రశ్న వేసెను: ఇక్కడ నీవు యుద్ధము చేయవలసినవారెవ్వరును కానరారే, కత్తి యెందుకు దూసితివి? అప్పుడు గాని, గాండీవమును విడువుమన్నవాని తల తెగవేయుదునని తనలో తాను పెట్టుకొనిన రహస్యవ్రతము బయటపడలేదు. ఎంతటివారినైనను ఆ క్షణమున గ్రుడ్డివారిని చేయునది ఇట్టి, ఎవ్వరికిని చెప్పని, తామును తిరిగి చూచుకొనని నియమమే కదా! శ్రీకృష్ణుడు మందలింపకపోలేదు, గట్టిగానే మందలించెను. కాని అక్కడితో ఆపక ఆ వ్రతమును చర్చకు పెట్టెను, కథలు చెప్పెను, పెద్దవానిని నీవని ఏకవచనములో సంబోధించుటయే చంపుటతో సమానమని కత్తికి ప్రత్యామ్నాయము చూపెను. అన్నను అట్లు పలికిన మరుక్షణమే పశ్చాత్తాపముతో అర్జునుడు ఆ కత్తినే తనపైకి త్రిప్పుకొనగా, అప్పుడును విడువక, ఆత్మస్తుతియే ఆత్మహత్యయని చెప్పి బ్రతికించెను. ఉద్రేకము దిగిన పిమ్మటి గంట కోపిష్ఠికి ఎంత ప్రమాదకరమైనదో వ్యాసునికి తెలిసినంత స్పష్టముగా మన చుట్టములకు తెలియదు. తల పట్టుకొని కూర్చున్నవానిని వారు “బుద్ధి వచ్చిందిలే” అని వదలిపెట్టి పోవుదురు.

రామమందిరపు పెద్దలకు భారతకథ చెప్పుచున్నాడేమని మీరనుకొనవచ్చును. రామాయణములోనుండియే చెప్పవలెనన్నచో, కిష్కింధకు రగులుచు వచ్చిన లక్ష్మణుని మాటలతో చల్లార్చిన తార యున్నది. ఎంత నేర్పుగా మాటలాడినది! కాని ఆమెను ముందు పంపినది మద్యమత్తుడైన సుగ్రీవుడు. స్త్రీని చూచినచో లక్ష్మణుడు కోపము చూపడను ధైర్యముతో పంపెను. మన యిండ్లలో నేడును తారనే పంపుచున్నాము, అచ్చట ఎదురుగా ఉన్నవాడు లక్ష్మణుడు కాకపోయినను. భర్త కోపమును చల్లార్చుట భార్య పనియని, ఆమె మాటతీరు మార్చుకొన్నచో అంతయు సర్దుకొనునని మధ్యవర్తులు తీర్పు చెప్పుదురు. చికిత్స కావలసినది కోపము వచ్చినవానికి. మాటలాడవలసినది శిక్షణ పొందినవాడు. ఇందులో భార్యకు నియమింపవలసిన ఉద్యోగమేదియు లేదు.

ఈ విద్య మనకు దూరమున లేదు. రాంచీ ప్రక్కన కాంకేలో, ఐరోపావారికొరకు 1918లో నెలకొల్పిన మానసిక చికిత్సాలయమే నేటి కేంద్రీయ మనోవైద్య సంస్థ. ఆనాటి రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు మన ఊరికి జంషెడ్‌పూరు అని నామకరణము చేసిన ఆ 1919లోనే అక్కడ అధికారము స్వీకరించిన బర్క్‌లీ హిల్ అను వైద్యుడు, ఈ దేశమున మనోవిశ్లేషణను చికిత్సకు వినియోగించిన మొదటివారిలో ఒకడు; గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాలో స్థాపించిన మనోవిశ్లేషణ సమాజమున సభ్యుడు. అనగా మాటల చికిత్స మన పొరుగున నూరేండ్లకు పైబడి యున్నది. అయితే ఆనాడు అది ఇంగ్లీషు మాటలాడు తెల్లవారి చికిత్స. నేడు హిందీలోను ఇంగ్లీషులోను లభించుచున్నది. ఈ ఊరిలో పుట్టి పెరిగిన తెలుగువారికి హిందీ రాదా యందురు. వచ్చును, బజారుకు చాలినంతకంటె బాగుగనే వచ్చును. కాని హిందీలో రోజంతయు పనిచేసి వచ్చినవాడు ఇంట తిట్టునది తెలుగులో. వాని తండ్రి వానిని తిట్టినదియు తెలుగులోనే. ఆ వాక్యమును వెదకి పట్టుకొనవలసిన చికిత్స ఇంకొక భాషలో జరిగినచో సగము వాక్యములు గది బయటనే నిలిచిపోవును.

అందుచేత మిమ్ము కోరునది ఒక గది. మందిర ప్రాంగణమున గాని, మీరును కదమాలోని ఆంధ్ర అసోసియేషనువారును కలిసి యోచించిన మరియొక చోట గాని, వారమునకు రెండు సాయంకాలములు. రాత్రి షిఫ్టువారికి వీలుగా ఒకటి, పగటి షిఫ్టువారికి వీలుగా ఒకటి. అందు కూర్చుండవలసినది భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు. ఇంగ్లీషులో పట్టము పుచ్చుకొన్నను తెలుగులో వినగలవాడై యుండవలెను. అట్టివాడు ఈ ఊర దొరకకున్నచో విశాఖపట్టణమునుండి వీడియో ద్వారా మాటలాడు ఏర్పాటు చేయవచ్చును. బోర్డుపై “మెంటల్” అను మాట వ్రాయకుడు. ఆ మాట చూచిన తరువాత ఆ మెట్టు ఎక్కినవాని యింటికి సంబంధములు రావు. కోపనివారణ సలహా కేంద్రము అన్నచో చాలును. వచ్చినవాని పేరు గుమాస్తాకు తెలియరాదు, అధ్యక్షునికిని తెలియరాదు. ఇది నా కోరిక మాత్రమే కాదు. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి గోప్యతను హక్కుగా ఇచ్చినది. ఎవరి అబ్బాయి ఎవరి అల్లుడో అందరికిని తెలిసిన మనవంటి సమాజమున ఇది నిలుపుకొనుట కష్టమే. నిలుపలేమనుకొన్నచో గది తెరవకుండుటయే మేలు.

ఒక్క విషయమున మాత్రము నేను మొగమాటము లేక చెప్పవలెను. ఆ గది పంచాయితీ గది కారాదు. దెబ్బలు తిన్న స్త్రీని తీసికొనివచ్చి, ఎదుట భర్తను కూర్చుండబెట్టి, “కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నాం కదమ్మా, కేసు ఎందుకు” అని ఒప్పించు స్థలముగా అది మారినచో, నేనిప్పుడు వ్రాయుచున్న ప్రతి మాటయు అపకారముగా పరిణమించును. ఫోర్‌మన్ యెదుట ఆగిన చేయి భార్య యెదుట ఆగలేదే యను ప్రశ్నకు రెండు సమాధానములున్నవి. ఒకడు పగలంతయు అణచుకొనిన దానిని ఇంట నిజముగనే ఆపుకొనలేకపోవును. మరియొకడు ఆపుకొనగలిగియు, ఇంట అడుగువారు లేరను భరోసాతో, ఆమెను అదుపులో నుంచుటకే చేయి యెత్తును. మొదటివానికి పండ్రెండు వారముల చికిత్స. రెండవవానిది కోపవ్యాధి కాదు. వాని విషయమున ఆమెకు దారి 2005 నాటి గృహహింస నిరోధక చట్టము. వీరిలో ఎవడెవడో తేల్చుట చదువుకొన్న సైకాలజిస్టునకే కష్టమైన పని, సంఘ పెద్దలకు సాధ్యము కాని పని. రెండు సందర్భములలోను మొదట చూడవలసినది ఆమెయు పిల్లలును ఆ రాత్రి ఎక్కడ నిద్రింతురన్నది.

దేవాలయమున దేవుని పని చేయవలెను గాని వైద్యుని పని యేల యని మీలో కొందరు అడుగుదురు. అట్లు అడుగువారు తప్పక ఉందురు, ఉండవలెను కూడ. కాని అంగారకదోషమని అర్చన చేయించుకొనుటకు ఆ కోపిష్ఠి తల్లి మీ యొద్దకు ఇదివరకే వచ్చుచున్నది. అర్చన చేయించుకొననిండు, ప్రసాదము చేతిలో పెట్టునప్పుడు ప్రక్క గదిలో బుధవారము సాయంకాలము ఒకరు కూర్చుందురని ఆమెతో చెప్పుట పూజారిగారికి బరువు కాదు. బిష్టుపూరులోనే క్యూ రోడ్డున జీవన్ అను సంస్థవారు, బ్రతుకుపై విరక్తి చెందినవారి మాటలను ఓపికగా వినుటకై, స్వచ్ఛంద సేవకులతో ఒక కేంద్రము నడుపుచున్నారు. వారిది ఆత్మహత్యా నివారణము. మనకు కావలసినది చికిత్స. రెండింటికిని భేదమున్నది. అయినను ఈ పేటలో అపరిచితుని యెదుట కూర్చుండి మనస్సు విప్పు మనుష్యులు లేరను మాట నిజము కాదనుటకు వారే సాక్ష్యము.

వచ్చు కార్యవర్గ సమావేశపు చర్చనీయాంశములలో దీనిని చేర్చవలెననియు, గది యిత్తురో ఈయరో నిర్ణయించి, ఏదైనను నోటీసుబోర్డుపై తెలుగులో ప్రకటింపవలెననియు నా ప్రార్థన. ఆ గది తెరచులోపల చేయదగిన స్వల్పవ్యయమైన పని యొకటి యున్నది. కేంద్ర ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ సేవకు సంఖ్య 14416. రాత్రింబవళ్లు పలుకును, డబ్బు పుచ్చుకొనరు, తెలుగులో మాటలాడవచ్చును. ఆ అయిదంకెలను మందిరపు గోడపై, చెప్పులు విడుచు చోట, పెద్ద అక్షరములతో ఈ వారమే వ్రాయింపుడు.

ఇట్లు,
మీ విధేయుడు,
బిష్టుపూరు వాస్తవ్యుడైన తెలుగువాడొకడు